రెండు వందల పన్నెండో అతుకు

రోజు 2

ఈ పుస్తకం నిన్న రేవులో దిగగానే చేతిలో పెట్టారు. నూట ఎనభై రోజులు రాసి తిరిగి ఇవ్వాలట. అది చదివాకే నన్ను ఇక్కడ ఉండనివ్వాలో వెనక్కి పంపాలో తేలుస్తారట. ఏ భాషలో రాసినా మా యంత్రం చదువుతుంది అన్నారు. సరే, తెలుగులోనే రాస్తున్నాను.

మొదటి పేజీలో మీరే మూడు ప్రశ్నలు అచ్చు వేశారు. ఇక్కడ మీకు ఏం నచ్చింది? రొట్టె. ఏం నేర్చుకున్నారు? వచ్చి రెండు రోజులే అయింది. ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలనుకుంటున్నారు? విశాఖలో నాకు వెల్డింగ్ నేర్పిన పైడితల్లి మేస్త్రికి. ఆవిడకి మీరు కబురు పంపలేరు. పోయి ఆరేళ్లయింది.

నా పేరు సూరాడ నూకరత్నం. నలభై ఒక్క ఏళ్లు. భీమిలి అవతల మా పేటని సముద్రం మింగేసింది. పద్దెనిమిదేళ్లు నేను పనిచేసిన ఓడల యార్డుని కూడా నిరుడు మింగింది. హాల్వెన్ దేశానికి వెల్డర్లు కావాలన్నారు, వచ్చాను. ఇక్కడ ఊరు మొత్తం సముద్రం మట్టానికి కింద ఉంది. ఊరికీ సముద్రానికీ మధ్య ఆరు కిలోమీటర్ల ఇనుప గోడ. నీళ్లు పెరిగే కొద్దీ గోడ పెంచుతూ పోవాలి. దానికి ఇక్కడి మనుషులు చాలరు. అందుకని మేం.

నిన్ననే మెడకి పట్టీ కట్టారు. నేను తెలుగులో మాట్లాడితే అది నా గొంతు నొక్కేసి, వీళ్ల భాషలో తానే పలుకుతుంది. వీళ్లు మాట్లాడేది నా చెవిలో తెలుగులో చెబుతుంది, రేడియోలో వార్తలు చదివే ఆవిడలాగా. పని వేళల్లో తీయకూడదు. తీస్తే విచారణ. నా మాట నాకే గొణుగుడులా వినిపిస్తోంది. అలవాటవుతుందట.

రోజు 5

పనిలో పెట్టారు. విశాఖలో నేను ఓడ అడుగుభాగానికి వేసిన అతుకుల్ని ఎక్స్-రే తీసి చూసేవారు, ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ కాగితాలన్నీ తెచ్చాను. ఇక్కడ చెల్లవన్నారు. గడువు పూర్తయ్యేదాకా నేను మూడో తరగతి సహాయకురాలిని. అంటే అతుకుల మీద పెచ్చులా గట్టిపడే చిట్టెం కొట్టి ఊడ్చాలి, వెల్డింగ్ రాడ్లు మోయాలి, వాళ్లు అతుకుతుంటే నిలబడి చూడాలి.

మా జట్టుకి పెద్ద ఈడా అని ఒకావిడ. ఇక్కడి మనిషే, నా ఈడుదే. ఎప్పుడూ ఏదో కాగితం చూస్తూ నడుస్తుంది. నేను కనిపిస్తే చిరునవ్వు నవ్వుతుంది. "మీరు మా జట్టులోకి రావడం మాకు ఎంతో ఆనందం" అని చెవిలో వినిపిస్తుంది. అది చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో ఆనందమేం కనపడదు.

జట్టులో తెలుగు మనిషి ఒకరున్నారు. దానియేలు అని, అంతర్వేది వైపు నుంచి వచ్చి పదేళ్లయింది. నేను బాబాయ్ అంటున్నాను. ఆయనకి ఇక్కడ పౌరుడి కార్డు కూడా వచ్చేసింది. పట్టీ కట్టుకోనక్కర్లేదు. అయినా కట్టుకునే ఉంటాడు. అదేం బాబాయ్ అంటే, చలికి మెడ వెచ్చగా ఉంటుంది అన్నాడు.

రోజు 11

గోడ దగ్గర క్యాంటీన్‌లో రొట్టెలు చేసేది బెర్గెట్ అనే ముసలావిడ. ఆవిడకి ఒక చెవి అసలు వినపడదు, రెండోది సగం. పట్టీ గొంతు ఆవిడకి అందదట. ఈ రోజు నేను ఉప్పు అడిగితే రెండుసార్లు చెవి ముందుకు పెట్టి, విసుగొచ్చి, వేలితో నా మెడ చూపించింది, తీసెయ్ అన్నట్టు. భోజనం వేళ పని వేళ కాదు కదా అని తీశాను. నా నోటి వంక చూస్తూ ఉప్పు డబ్బా ఎత్తి పట్టుకుని "సల్వ" అంది. నేనూ సల్వ అన్నాను. తల అడ్డంగా ఊపి మళ్లీ అనిపించింది. ఐదోసారికి డబ్బా ఇచ్చింది. రేపటి నుంచి ఆవిడ దగ్గరే తింటాను.

రోజు 23

ఒకటి గమనించాను.

గోడ పైవరసకి ఈ ఏడు కొత్త ప్లేట్లు వచ్చాయి. పాతవాటికంటే రెండు వేళ్లు మందం. మందం ఇనుముని చలిలో అతకాలంటే ముందు బాగా వేడి పెట్టాలి. లేకపోతే అతికించిన పూట అద్దంలా కనిపిస్తుంది. పరీక్ష చేసేవాళ్లు వచ్చి బాగుంది అని సంతకం పెట్టి వెళ్తారు. రెండు రోజులు పోయాక లోపల సన్నగా బీట పుడుతుంది. పైడితల్లి మేస్త్రి దీన్ని కడుపులో పుండు అనేది.

ఇక్కడ ఇరవై నిమిషాలు వేడి పెట్టి అతికేస్తున్నారు. పాత ప్లేట్లకి అది చాలు. కొత్తవాటికి రెండు గంటలైనా కావాలి. ఈడా దగ్గరికి వెళ్లి, వేడి చాలదు, ఈ అతుకులన్నీ పగులుతాయి అని చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆవిడ నవ్వి, "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అంది. మళ్లీ కాగితం చూసుకుంటూ వెళ్లిపోయింది.

రోజు 26

రెండు వందల పన్నెండో అతుకు మీద చిట్టెం కొడుతుంటే సుత్తి చప్పుడు మారింది. బాగున్న అతుకు గంటలా మోగుతుంది. ఇది పగిలిన కుండలా పలికింది. చేతి తొడుగు తీసి గోటితో వెతికాను. గోరు ఒకచోట పట్టుకుంది. బీట. తల వెంట్రుకంత సన్నం, వేలెడు పొడుగు.

ఈడాకి మళ్లీ చెప్పాను. రా, చూపిస్తాను అని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని, "తప్పకుండా వీలు చూసుకుని వస్తాను" అంది. రాలేదు.

రోజు 34

బీట రెండు చివరలా సుద్దతో గీత గీసి తేదీ వేశాను. ఎనిమిది రోజుల్లో అది గీతలు దాటి రెండు వేళ్లు పాకింది. రోజూ రెండు పోట్లు, రెండు పాట్లు. నీళ్లు గోడని నొక్కడం, వదలడం. ఒక తీగని అటూ ఇటూ వంచుతుంటే ఎలా తెగుతుందో అలాగే.

మూడోసారి వెళ్లాను. ఈసారి అరిచాను. నీకు బుర్ర ఉందా, కింద ఎనిమిది వేల మంది నిద్రపోతున్నారు, ఈ గోడ వాళ్ల మీద పడితే నువ్వు జవాబు చెబుతావా అని అడిగాను. చుట్టూ ఉన్న వాళ్లంతా నన్ను చూసి నవ్వుమొహాలు పెట్టారు. ఒకతను చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం పని దిగే ముందు ఈడా అందరినీ పిలిచి నా కోటుకి ఒక గుండీ బిళ్ల గుచ్చింది. దాని మీద పువ్వు బొమ్మ. ఈ నెల అందరికంటే సౌమ్యంగా మెలిగిన కొత్త ఉద్యోగికి ఇచ్చేదట.

రోజు 35

దానియేలు బాబాయ్ ఉండే గదికి వెళ్లాను. ఆదివారం, ప్రార్థన చేసుకుని వచ్చి టీ కాస్తున్నాడు. బిళ్ల తీసి బల్ల మీద పెట్టి, నీకు వీళ్ల భాష వచ్చు కదా, నిన్న నా పట్టీ ఏం చెప్పిందో చెప్పు అన్నాను.

చాలాసేపు టీ కలుపుతూనే ఉన్నాడు. అడుగుతుంటే అడుగుతుంటే చెప్పాడు. నేను అరిచింది పట్టీలోంచి ఇలా వచ్చిందట: ఈ గోడ ఎనిమిది వేల మందిని కాపాడుతోందని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంది. మీకు తీరిక ఉన్నప్పుడు రెండు వందల పన్నెండు దగ్గరికి ఒకసారి వస్తే సంతోషిస్తాను.

మొదటి రెండుసార్లు కూడా అంతేనట.

"నీ ఒక్కదానికే కాదమ్మా. కొత్తవాళ్లందరికీ పట్టీ అలాగే చెబుతుంది," అన్నాడు. "పూర్వం ఇక్కడ రోజూ గొడవలే. వాళ్లు మనల్ని కొట్టడం, మనం వాళ్లని కొట్టడం. కోపం వడకట్టే పట్టీ వచ్చాక ఒక్క గొడవ లేదు. అందుకే మనల్ని ఉండనిస్తున్నారు."

"వాళ్లు నాతో అన్నది కూడా వడకట్టే వస్తోందా?"

"అదీ అంతే."

"నీకు మొదటి నుంచీ తెలుసు."

తల దించుకున్నాడు. పదేళ్లు అయింది, ఎవరితోనూ మాట పడలేదు, ఎవరినీ మాట అనలేదు, ఇలాగే వెళ్లిపోనీ అన్నాడు. ఇంకా నూట నలభై ఐదు రోజులు ఓపిక పడితే నీకూ కార్డు వస్తుంది, అప్పుడు చెప్పుకో అన్నాడు. గోడ అన్ని రోజులు ఆగుతుందా అని అడిగాను. ఆయనా వెల్డరే. బీట సంగతి నేను చెప్పకముందే ఆయన సుత్తికీ తెలిసే ఉంటుంది.

టీ తాగకుండా వచ్చేశాను.

రోజు 36

ఒకసారి నిజం తేల్చుకుందామని ఈడా ఎదురుపడగానే నవ్వుతూ, నీ తల నిండా రేవు బురద ఉందే అన్నాను. ఆవిడ ఆగి, బుగ్గలు ఎర్రబడి, నా భుజం తట్టి వెళ్లింది. పట్టీ ఏం చెప్పిందో మరి.

ఈ పుస్తకం చదివే యంత్రం కూడా ఆ పట్టీకి అక్కో చెల్లో అయి ఉంటుంది. నేను ఇక్కడ రాసేదంతా మీకు పువ్వుల దండలా కనిపిస్తుందేమో. నాకేం భయం లేదు. ఇక నుంచి ఇంకా వివరంగా రాస్తాను.

రోజు 41

మధ్యాహ్నాలు బెర్గెట్ దగ్గర పట్టీ తీసి కూర్చుంటున్నాను. ఆవిడ పిండి పిసుకుతూ మాటలు నేర్పుతుంది. గోడ, నీళ్లు, ఇనుము, వేడి, చలి. రా. చూడు. అబద్ధం. పెద్దది. బీట అన్న మాట కావాలని, బల్ల మీద పగిలిన పింగాణీ గిన్నె చూపించి అడిగాను. "స్ప్రెక్" అంది. నేను పలికితే పళ్ల మధ్య గాలి పోయింది. ఆవిడ పిండి చేతులతో నా బుగ్గలు నొక్కి పట్టి సరిగ్గా అనిపించింది.

ఎందుకు ఆ మాట అని సైగ చేసింది. గోడ వైపు చూపించాను. ఆవిడ పిసకడం ఆపేసింది. ఆవిడ ఇల్లు గోడకి నాలుగో వీధిలో ఉంది. ఆఫీసుకి వెళ్లి చెబుతాను అన్నట్టు కోటు తొడుక్కుంది. వెళ్లి గంటకి తిరిగొచ్చింది. చెవిటి ముసల్ది ఏదో విని ఏదో అనుకుంది అని ఉంటారు. అది నాకు మాటల్లో అర్థం కాలేదు. ఆవిడ రొట్టెల్ని కాల్చే కొలిమిలోకి విసిరిన తీరులో అర్థమైంది.

రోజు 48

పోటు లెక్కల కాగితం క్యాంటీన్ గోడకి అంటించి ఉంటుంది. యాభై రెండో రోజు అమావాస్య, ఈ ఏటికల్లా పెద్ద పోటు. బీట జానెడు దాటింది. చుట్టుపక్కల అతుకులు కూడా తట్టి చూశాను. ఇంకో మూడు పగిలిన కుండలే.

ఈ పొద్దున హాజరు వేళ మా జట్టు ముప్పై మందీ వరసలో నిలబడ్డాం. ఈడా పేర్లు పిలుస్తోంది. నా పేరు వచ్చినప్పుడు వరసలోంచి ముందుకి నడిచాను. పట్టీ కొక్కెం విప్పి, అందరికీ కనిపించేలా చేత్తో పట్టుకున్నాను. మెడకి చల్లగాలి తగిలింది. నాకు వచ్చిన మాటలు నలభై. అందులో నాకు కావలసినవి వాడాను. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

"గోడ బీట. రెండు, ఒకటి, రెండు. పెద్దది అవుతోంది. నేను అబద్ధం కాదు. నువ్వు రా. చూడు."

ఎవరూ కదల్లేదు. ఈడా మొహంలో నవ్వు పోయింది. పట్టీ పెట్టుకో అన్నట్టు మెడ చూపించింది. మళ్లీ అదే చెప్పాను, ఇంకా గట్టిగా. ఆవిడ ఏదో అంది. ఆవిడ అసలు గొంతు వినడం అదే మొదటిసారి. బొంగురుగా, గరుకుగా, రంపం కోసినట్టుంది. రేడియో ఆవిడ కంటే నాకు ఈ గొంతే నమ్మదగ్గదిగా అనిపించింది. నాకు అర్థం కాలేదని తెలిసి దానియేలు వైపు తిరిగి, ఇదేం చెబుతోందో చెప్పు అని గద్దించింది.

ఆయన వరసలో చివర ఉన్నాడు. నేను ఆయన వంక చూడలేదు. చూస్తే బతిమాలినట్టవుతుంది.

ఆయన మెల్లగా నడిచి నా పక్కకి వచ్చాడు. కొక్కెం రెండుసార్లు జారింది. మూడోసారికి పట్టీ విప్పాడు. మెడ చుట్టూ పదేళ్లుగా ఎండ తగలని చర్మం తెల్లగా, పాలిపోయి ఉంది. ఆయన హాల్వెన్ భాష మాట్లాడుతుంటే కోనసీమ సాగతీత అలాగే ఉంది. వెనక ఇద్దరు నవ్వారు. ఆయన ఆగలేదు. ఏమన్నాడో తరవాత నాకు చెప్పాడు.

"ఈవిడ ఇరవై ఐదు రోజుల నుంచి అరుస్తూనే ఉంది. మీకు వినపడింది పాట. బీట నిజం. నాకూ తెలుసు. నేను నోరు మూసుకున్నాను."

ఈడా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కాగితాలు కింద పెట్టి గోడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. రెండేసి మెట్లు ఎక్కింది.

పైన ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లాం. బీటలో దాక్కున్న రంగు పొడిలోకి ఊరి గీత తేలుతుంది. తేలింది. జానెడు మీద నాలుగు వేళ్లు. ఈడా వంగి చూసి ఒక మాట అంది. దానియేలు బాబాయ్ దాన్ని తెలుగులో చెప్పలేదు. అక్కర్లేదు, ఆ తిట్టు బెర్గెట్ నాకు మొదటి వారమే నేర్పింది.

రోజు 49

నిన్న అక్కడే, గోడ మీదే మాకు పోట్లాట అయింది. మధ్యలో దానియేలు. మొదటి తరగతి వెల్డర్లు నలుగురిలో ఇద్దరు గోడ అవతలి కొసలో ఉన్నారు. ఇక్కడున్న ఇద్దరూ ఇంత మందం ప్లేటు మీద నిలువు అతుకు వేడి పెట్టి ఎప్పుడూ వేయలేదు. నేను వేస్తానన్నాను. మూడో తరగతి చేత్తో రాడ్డు పట్టుకోవడం నేరం అంది ఈడా. మరి ఎవరు పట్టుకుంటారు అన్నాను. సముద్రానికి తరగతులు చెప్పి చూడు అన్నాను. దానియేలు అది చెప్పేటప్పుడు ఒక్క మాట తగ్గించలేదు, ఆయన మొహం చూస్తే తెలిసింది.

ఈడా పని కాగితం తీసింది. వెల్డరు పేరు రాసే గడిలో నన్ను అడిగి అక్షరం అక్షరం నా పేరు రాసింది. దాని కింద తన సంతకం పెట్టింది.

"తప్పయితే ఇద్దరం పోతాం," అంది.

"తప్పవదు," అన్నాను.

కింద నాలుగు వీధులూ ఖాళీ చేయించమని కూడా ఆవిడే కబురు పంపింది. పై ఆఫీసు వద్దంటే ఫోను పెట్టేసి తానే సైరన్ మోగించింది.

చెమ్మ పట్టిన రాడ్లతో అతికితే మళ్లీ పుండే. రాడ్లు కాల్చే పొయ్యి ఇక్కడ చెడిపోయి ఏడాదైందట, ఎవరూ పట్టించుకోలేదు. రాడ్లన్నీ క్యాంటీన్‌కి మోసుకెళ్లాను. బెర్గెట్ రొట్టెల కొలిమిలో ఇనుము పెట్టడమా అని తిట్టింది. తిడుతూనే రొట్టెలు బయటికి లాగి, మంట పెంచి, రెండు గంటలు కాపలా కూర్చుంది.

బీట రెండు చివరలా చిల్లులు వేశాం, ఇంక పాకకుండా. గ్రైండర్‌తో అడుగు దాకా కోశాను. గ్యాసు మంటలు ఆరు పెట్టి రెండున్నర గంటలు వేడి చేశాం. ఈడా పక్కనే నిలబడి వేడి చూపే సుద్దతో గీస్తూ ఉంది. సుద్ద కరిగేదాకా నేను మొదలుపెట్టలేదు. కరిగాక ముసుగు దించుకున్నాను.

యాభై రోజులకి మళ్లీ రాడ్డు పట్టుకున్నాను. మొదటి వరస కాస్త వంకర వచ్చింది, కోసేసి మళ్లీ వేశాను. రెండో వరస నుంచి చెయ్యి దారిలో పడింది. పదకొండు వరసలు. ఒక్కో వరసకీ చిట్టెం కొట్టి, బ్రష్షు పట్టి, చూసుకుని మళ్లీ. దానియేలు నాకు రాడ్లు అందించాడు. ఇక్కడ సూర్యుడు ఈ రోజుల్లో అస్తమించడు, కాబట్టి ఎంతసేపు చేశానో తెలియలేదు. పద్నాలుగు గంటలన్నారు. అయ్యాక నెమ్మదిగా చల్లారాలని అతుకు మీద కంబళ్లు కప్పాం.

చల్లారాక సుత్తి ఈడాకి ఇచ్చి తట్టమన్నాను. మోగింది.

రోజు 53

నిన్న పెద్ద పోటు వచ్చింది. రెండు వందల పన్నెండు నిలబడింది. మిగతా మూడింటికి మా దగ్గర సమయం లేక, వెనక నుంచి ఇనుప దూలాలు ఆనించాం. వాటిలో రెండు ఆగాయి. రెండు వందల పంతొమ్మిది ఆగలేదు. అరచెయ్యంత వెడల్పున చీలి నీళ్లు దూకాయి. పోటు తీసేదాకా మూడు గంటలు ఇసుక మూటలు వేస్తూనే ఉన్నాం. మొదటి వీధి నడుం లోతు మునిగింది. క్యాంటీన్ మునిగింది. బెర్గెట్ కొలిమి చల్లబడి పగిలిపోయింది. వీధుల్లో మనుషులు లేరు కాబట్టి మనుషులెవరూ పోలేదు.

నాకు ఆనందంగా లేదు. ఇరవై మూడో రోజే విని ఉంటే ఆ కొలిమి ఉండేది. అది కూడా రాసుకోండి.

రోజు 60

విచారణకి పిలిచారు. నేరం: పని వేళ పట్టీ తీయడం, దానికి సహోద్యోగిని తోడు చేసుకోవడం, తరగతి లేకుండా అతకడం.

అధికారి తెల్లగడ్డం మనిషి, మర్యాదస్తుడు. మాట్లాడుకోవడానికి వీలుగా పట్టీ పెట్టుకోండి అన్నాడు. పెట్టుకోను అన్నాను. మనం ఎలా అర్థం చేసుకుంటాం అన్నాడు. దానియేలు ఉన్నాడు కదా, ఆయన మనిషి, తప్పు చెబితే సిగ్గుపడతాడు అన్నాను. బాబాయ్ అది చెప్పడానికి కొంచెం తడబడి, చెప్పాడు.

అధికారి నా ముందు ఒక కాగితం పెట్టాడు. ఆ రోజు పట్టీ చెడిపోయిందనీ, అందువల్లే తీయాల్సి వచ్చిందనీ దానిలో ఉంది. సంతకం పెడితే మూడు నేరాలూ కొట్టేస్తారు, నా గడువు కూడా అక్కడితో పూర్తయినట్టే రాసేస్తారు. మొదటి తరగతి బిళ్ల వారంలో వస్తుంది. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడని నాకు తెలుసు. బయట బల్ల మీద ఈడా కూర్చుని ఉంది. నా సంతకం మీద ఆవిడ ఉద్యోగం కూడా ఆధారపడి ఉంది. అందుకని ముందే ఆవిడని అడిగాను. ఏం చేయమంటావు అంటే, నీ ఇష్టం, నేను సైరన్ మోగించినందుకు క్షమాపణ రాయను అంది.

కాగితం వెనక్కి జరిపాను.

"పట్టీ చెడిపోలేదు," అన్నాను, ఆయన భాషలోనే. "బాగా పనిచేసింది. అందుకే తీశాను."

ఆయన కలం మూత పెట్టేశాడు. ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు. నా పుస్తకం యంత్రానికి ఇవ్వకండి, తెలుగు చదివే మనిషిని పెట్టి చదివించండి అన్నాను. అలాంటి పద్ధతి లేదన్నాడు. అయితే కొత్తగా పెట్టండి అన్నాను.

రోజు 71

తీర్పు వచ్చింది. నన్ను వెనక్కి పంపరు, ఉండనివ్వరు కూడా. గడువు ఇంకో నూట ఎనభై రోజులు పొడిగించారు. మూడో తరగతి అలాగే ఉంటుంది. ఈడాకి హోదా తగ్గించారు, అయినా మూడు నెలలు జట్టు పెద్దగానే ఉంచారు, వేరే మనిషి దొరక్క. దానియేలుకి మందలింపు.

అదే రోజు గోడ పనివాళ్లందరికీ ఇంకో కాగితం పంచారు. కొత్త ప్లేట్లకి రెండు గంటలు వేడి పెట్టాలి. నిపుణుల సంఘం సూచించిందని ఉంది. దాన్ని క్యాంటీన్ తలుపుకి అంటిస్తే బెర్గెట్ చదివి, నిపుణుల సంఘం అన్న మాటలు బొగ్గుతో కొట్టేసి నా పేరు రాసింది. అక్షరాలు తప్పులే. దిద్దనివ్వలేదు.

పట్టీ నేను మళ్లీ కట్టుకోలేదు. రోజుకో హెచ్చరిక కాగితం వస్తోంది. వచ్చిందల్లా మడిచి పెడుతున్నాను. మా జట్టులో ఇప్పటికి పదకొండు మంది పట్టీ తీసేశారు. పని నెమ్మదించిందని ఆఫీసు గోల. నిజమే, నెమ్మదించింది. ఒకరి మాట ఒకరికి అందక సగం పూట సైగలే. మొన్న ఇద్దరు కొట్టుకున్నారు కూడా. ఒకడికి పెదవి చిట్లింది. దానియేలు మధ్యకి వెళ్లి విడదీశాడు. ఇదే జరుగుతుందని పట్టీ పెట్టించినవాళ్లు అన్నారు, జరిగింది. మర్నాడు ఆ ఇద్దరూ ఒకే దూలం మోశారు. అది వాళ్లు ముందుగా చెప్పలేదు.

రోజు 84

ఈ రోజు రెండు వందల నలభై దగ్గర ఈడా, నేనూ గంటసేపు వాదులాడుకున్నాం. దానియేలు సెలవు పెట్టాడు, మధ్యలో ఎవరూ లేరు. నాకు ఇప్పుడు మూడొందల మాటలు వచ్చు, ఆవిడకి తెలుగులో ఆరు.

మొదటి తరగతి వాళ్లు వేసిన అతుకు. చూడ్డానికి బాగుంది, చప్పుడు కూడా బాగుంది. కానీ అంచుల్లో ప్లేటు కొరికేసినట్టు గాడి పడింది. కోసేసి మళ్లీ వేయాలన్నాను. గాడి లోతు హద్దులోనే ఉందని ఈడా కొలిచి చూపించింది. ఆ హద్దు ఎవరు పెట్టారో వాళ్లని ఇక్కడికి పిలువు అన్నాను. నీకు అన్నీ పుళ్లే కనిపిస్తాయి, ఇలాగైతే గోడ పదేళ్లకీ అవదు అంది. అవకపోతే పోనీ అన్నాను. నీలాంటి మొండిదాన్ని చూడలేదు అంది. ఆ బొంగురు గొంతుతో, చెయ్యి ఊపుతూ, మొహం ఎర్రగా చేసుకుని నా మీద అరిచింది. నేనూ అరిచాను. కింద పనివాళ్లు తలెత్తి చూశారు.

రెండు చోట్ల ఆవిడ చెప్పిందే సరి. అక్కడ గాడి నిజంగా పైపైనే, రుద్దితే పోతుంది. ఒప్పుకున్నాను. మూడో చోట నేను ఒప్పుకోలేదు. గోరు పెట్టి చూడమన్నాను. ఆవిడ తొడుగు తీసి, గోరు పెట్టి, పైనుంచి కిందికి నెమ్మదిగా జరుపుతూ వచ్చింది. ఒకచోట ఆగింది.

గ్రైండర్ తీగ విప్పి నా వైపు విసిరింది. ఇంకా మూడో తరగతి సహాయకురాలినే, అయినా కోసేశాను.